ఆమె వెనక్కి తీసుకోలేకపోయిన వాక్యం

మా అక్క పోయింది. ఆదోనిలో తన క్లినిక్ మీది ఇంట్లో, పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపే కూలిపోయిందట. గుండె ఆగింది. ఆమె దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన నర్సు సరోజమ్మ ఫోను చేసేసరికి నేను ఎమ్మిగనూరులో నా అచ్చాఫీసు షట్టరు ఎత్తుతున్నాను. "అన్నా, మేడమ్ లేదన్నా" అంది. "లేకుంటే యాడికి పోయిందమ్మా ఇంత పొద్దున్నే?" అన్నాను. అవతల ఏడుపు వినపడ్డాక గానీ నా బుర్రకు ఎక్కలేదు.

బస్సు ఎక్కి ఆదోని చేరేలోపే ఫోను నిండిపోయింది. ఆమె ఒకప్పుడు పనిచేసిన నగరంలోని పెద్ద ఆస్పత్రి వాళ్లు సంతాపం రాసి అందరికీ పంపారు. క్యాన్సర్ సర్జరీలో ఆమె ప్రచురించిన వ్యాసాలు ఇన్ని, వాటిని ఉదహరించినవాళ్లు ఇంతమంది, ఆ లెక్కన ఆమె స్థాయి ఇంత. మార్కెట్ యార్డులో పత్తి ధర పాడినట్టు పాడారు. పేషెంటు నోరు తెరవడానికి భయపడితే ఆమె ఏమని బుజ్జగించేదో, నవ్వితే భుజాలు ఎట్లా ఊగేవో, ఒక్క ముక్క లేదు. మనిషి పోయింది, అంకె మిగిలింది. నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడం ఏమంత వింత అని నన్నెరిగిన పాఠకులు అనుకుంటారు. అనుకోండి. ఈసారి ఎందుకొచ్చిందో మాత్రం చివరిదాకా వినండి.

ఈ ఉదహరింపు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. డాక్టర్లు, శాస్త్రజ్ఞులు తాము కనిపెట్టినదాన్ని పత్రికల్లో వ్యాసంగా రాస్తారు. తర్వాత ఇంకొకరు రాసేటప్పుడు "ఈ మాట ఫలానా వాళ్లు ముందే తేల్చారు" అని అడుగున ఆ వ్యాసం పేరు వేస్తారు. దాన్నే వాళ్లు సైటేషన్ అంటారు. ఎంతమంది అట్లా పేరు వేస్తే రాసినవాళ్లకు అంత గొప్ప. ఉద్యోగాలు, పదవులు, సన్మానాలు అన్నీ దాని వెనకే నడుస్తాయి. మా అక్కకు అట్లాంటి గొప్ప ఉండింది. ఆ గొప్పలో సగానికి పైగా ఒక్క వ్యాసానిది. ఆ వ్యాసంలో కూడా జనం పదే పదే ఎత్తి రాసింది ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యాన్ని వెనక్కి తీసుకోవాలని ఆమె బతుకులో మిగిలిన కాలమంతా తిరిగింది. తీసుకోలేకపోయింది. నేను రాయబోయేది అదే.

అక్క అంటే తోడబుట్టింది కాదు, మా పెద్దమ్మ కూతురు. మాది పెద్దకడుబూరు దిక్కు ఒక పల్లె, అందులో చివరి పేట. పేటలో చిన్న చర్చి, చుట్టూ కూలోళ్ల ఇళ్లు. మా వైపు వానలు నమ్ముకున్న చేను ఎప్పుడూ మోసం చేస్తుంది కాబట్టి, సంక్రాంతి దాటిందంటే ఊళ్లకు ఊళ్లు తాళాలు వేసుకుని గుంటూరు పక్క మిరపకాయల కోతకు పోతాయి. దాన్ని మేము సుగ్గి అంటాం. లారీల్లో, ట్రాక్టర్లలో, మూటా ముల్లె, పిల్లా జెల్లా, కోడిపెట్టతో సహా. మళ్లీ ఎండలు ముదిరాకే రావడం. మా పెద్దమ్మ ఏటా సుగ్గికి పోయేది. మిషను హాస్టలు వాళ్లు చేర్చుకునేదాకా అక్క కూడా తల్లి వెంట మిరప సాళ్లలోనే పెరిగింది.

సర్జరీ చదివే రోజుల్లో ఒక ప్రొఫెసరు ఆమె వేళ్లు చూసి ముచ్చటపడి "ఇంత సున్నితంగా కోయడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అందరి ముందర అడిగాడట. "మిరపకాయ తొడిమ ఊడకుండా కోసేది మాయమ్మ నేర్పించింది సార్. తొడిమ ఊడితే మేస్త్రి తిడతాడు" అందట ఈమె. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ కథ చెప్పినప్పుడల్లా చివర్న "నేను తమాసకు సెప్పలేదురా, నిజ్జంగానే సెప్పినా" అనేది.

నగరంలోని ఆ పెద్ద ఆస్పత్రిలో ఆమె నోటి క్యాన్సర్లు కోసే సర్జన్ అయింది. మా దిక్కు నుంచి అక్కడికి చేరే జనం తక్కువేమీ కాదు. ఆదోని జిన్నింగు మిల్లుల్లో, బండల గనుల్లో, చేలల్లో పొద్దంతా గుట్కానో పొగాకు ముక్కో బుగ్గన పెట్టుకునే జనం. ఆకలి చంపుతుంది కదా అది, అందుకే. బుగ్గలో పుండు మానక, నోరు తెరుచుకోక, అన్నం దిగక, అప్పుడు బస్సెక్కుతారు. ఆమె దవడ కోసి, మెడలో గడ్డలు తీసి, తొడ చర్మం తెచ్చి బుగ్గకు అతికేది. అది సగం వైద్యమే. కోసిన చోటు మానిన కొన్ని వారాల్లోనే రేడియేషన్ మొదలుపెట్టాలి. మా జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు. కరెంటు పెట్టకపోతే ముదిరిన పుండు చాలామందికి మళ్లీ లేస్తుంది. లేస్తే రెండోసారి కోయడానికి ఏమీ మిగలదు.

తన దగ్గర కోయించుకున్న మా మండలాల జనంలో చాలామంది కరెంటుకు తిరిగి రాకపోవడం ఆమె గమనించింది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, రానివాళ్లు ఏమయ్యారు అని ఓపిగ్గా కూర్చి తన మొదటి పెద్ద వ్యాసం రాసింది. రానివాళ్లకు ఏమవుతుందో అంత స్పష్టంగా చూపించినవాళ్లు అప్పటిదాకా లేరట. ఆ మేరకు అది గొప్ప వ్యాసమే, నేను కాదనను. చిక్కంతా ఎందుకు రాలేదు అన్న దగ్గర వచ్చింది. సుగ్గి నెలల్లో వీళ్లు పనికోసం ఊరు విడిచిపోతారని ఆమె రాసింది. ఆ ఆస్పత్రిలో ఆమెకు పైనున్న పెద్ద ప్రొఫెసరు, ఆ వ్యాసంలో ఆయన పేరు కూడా ఉంది, ఆ మాట మీద అడ్డగీత కొట్టాడు. "ఇది సర్జరీ పత్రికమ్మా, కూలీ సంఘం పత్రిక కాదు. వలసకు నీ దగ్గర రుజువేముంది?" అన్నాడు. రుజువు మా పెద్దమ్మ. ఆమెను పత్రికకు జతచేసి పంపడం కుదరదు కదా. ఆయన కొట్టేసిన చోట ఇంకో వాక్యం వచ్చింది. ఈ ప్రాంతపు రోగుల్లో అవగాహన లేమి, చికిత్స పట్ల నిర్లక్ష్యం కొంతవరకు దీనికి కారణాలు.

దానికి మాత్రం రుజువు ఎవరూ అడగలేదు, గమనించండి. పేదవాడి నిర్లక్ష్యానికి రుజువు అక్కర్లేదు. అది పుట్టుకతోనే రుజువైపోయి ఉంటుంది.

"ఆయప్ప సెప్పినాడు, టైపు కొట్టింది మటుకు నా వేళ్లే" అనేది అక్క. "నేను అప్పుడు సిన్నదాన్ని, ఉద్యోగం పోతాదని బయం. ఇవన్నీ ఉండాయి. ఉన్నా గానీ మాయమ్మ సుగ్గికి పోయేది నాకు తెల్దా? తెలిసి కొట్టినా."

ఆ వాక్యం నడిచిపోయింది. ఒకరు ఎత్తి రాశారు, వాళ్లను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. అక్కడక్కడా "కొంతవరకు" అన్న పదం ఊడిపోయింది, "ఈ ప్రాంతపు" అన్న చోట "గ్రామీణ" అని వచ్చింది, ఆ తర్వాత "పేద దేశాల" అయింది. మొత్తం వ్యాసం చదివినవాళ్లు ఎందరు? "సదవరప్పా" అనేది అక్క. "కింద పేరు ఏస్తారు, అంతే. సచ్చినోని దినానికి బోజనానికి వచ్చి సచ్చిందెవరని అడగనట్ల." మన టీ అంగడి దగ్గర "అంట" అని చెబితే అది చాడీ. పత్రికలో అడుగున పేరు వేసి చెబితే అది పరిశోధన. నాకైతే తేడా కనపడలేదు, మీకు కనపడితే చెప్పండి.

ఆమె ఆ ఆస్పత్రి వదిలేసి ఆదోని వచ్చి చిన్న క్లినిక్ పెట్టినప్పుడు అందరూ తిక్క పుట్టిందన్నారు. నేను మాత్రం ఉప్పొంగి, నేను నడిపే చిన్న పత్రికలో పేజీడు రాశాను. అది చదివి ఆమె, "నన్ను దేవతను సేస్తివి కదరా. దేవతయితే ఆరతిచ్చి పంపిస్తారు గానీ మాటింటారా?" అని కసిరింది. మా ఇద్దరికీ ఎప్పుడూ పోట్లాటే. నేను దేవుణ్ణి నమ్మను, ఆమె ఆదివారం చర్చి మానదు. నేను ధర్నా అంటాను, ఆమె ఆపరేషన్ అంటుంది. "నీదంతా నోటితో పని, నాది నోట్లో పని" అనేది, నర్సు సరోజమ్మ నవ్వాపుకోలేక బయటికి పోయేది.

క్లినిక్‌కు కొత్త పేషెంటు వస్తే ఏ డాక్టరైనా ముందు "ఎన్నాళ్ల నుంచి పుండు?" అని అడుగుతాడు. ఆమె అడిగే మొదటి ప్రశ్న "ఈ యేడు సుగ్గికి పోతాండారా?" యాడికి, ఎవరి మేస్త్రి కింద, ఎప్పుడు లారీ ఎక్కేది, ఎప్పుడు దిగేది. అవన్నీ తేలాకే నోరు తెరవమనేది. పల్లెల మేస్త్రీలందరి ఫోన్లూ ఆమె దగ్గర ఉండేవి. వాళ్లను బతిమాలేది, తిట్టేది, ఈ మనిషిని ఈ యేటికి వదిలేయమని బేరమాడేది. ఎక్కువసార్లు ఓడిపోయేది. "గడ్డ సుగ్గి అయ్యేదాకా ఆగదు. మిరపకాయ గడ్డ మానేదాకా ఆగదు. ఆగితే మద్యలో మనిసే ఆగిపోవాల" అనేది. ఇంతకంటె పెద్ద మాట క్యాన్సర్ గురించి నేను ఎక్కడా చదవలేదు. దీన్ని మాత్రం ఎవరూ ఉదహరించరు.

రత్నమ్మ సంగతి చెప్పాలి. మా పేట మనిషే, నాకు వరసకు వదిన. బుగ్గా దవడా కోసి, కుట్లు మాని, కరెంటుకు జిల్లా కేంద్రానికి పోవాల్సిన వారం మాయమైంది. మేస్త్రికి ఫోను చేస్తే గుంటూరు పక్కన ఫలానా ఊరి చేలో ఉందన్నాడు. "పదరా" అంది అక్క నన్ను. "ధర్నాలకు పోతావు కదా, ఇదీ ధర్నానే అనుకో."

మేము పోయేసరికి మధ్యాహ్నం. ఎటు చూసినా ఎరుపు. గాలిలోనే ఘాటు, నాకు తుమ్ముల మీద తుమ్ములు. ఆడవాళ్లు ముక్కూ నోరూ గుడ్డతో చుట్టుకుని వంగి కోస్తున్నారు. అందులో ఒకామె గుడ్డ మీద ఇంకో గుడ్డ చుట్టుకుంది. ఆమే రత్నమ్మ. లేచి చూసి, గుడ్డలు కిందికి లాగి, సగం దవడ లేని నోటితో నవ్వింది.

"ఓయమ్మా, నా కోసరం గుంటూరు దాక వస్తివా మేడమ్మా? వచ్చిందానివి ఒక సాలు పట్టు."

"కరెంటుకు రాకుండా ఈడ ఏం సేస్తాండావే? మిరపదుమ్ము పడితే ఆ పుండు ఏమయితాదో తెల్దా నీకు?"

"తెలుసు. నువ్వే సెప్తివి కదా, మూడుసార్లు సెప్తివి. కరెంటు పెట్టకుంటే మల్లా లేస్తాది, లేస్తే ఇంగ కోసేకి లేదు, సస్తాను. అంతే కదా?" అని అప్పజెప్పింది, బడిపిల్ల పద్యం చెప్పినట్టు. "మా ఇంటాయప్ప ఒక్కడూ కోస్తే పిల్లోళ్లకు యాడ సాలుతాదమ్మా? జతకు జతే లెక్క ఈడ. నేను రాకుంటే ఆయప్పను గూడ ఎక్కించుకోనంటాడు మేస్త్రి. ఆ కరెంటు ఏమన్నా మనూర్లో పెడతారా? దినామూ బస్సెక్కి పోవాల, నెలన్నర. యాడ పండుకోవాల ఆడ?"

అక్క చెప్పులు విడిచి సాలులోకి దిగింది. వంగి కోయడం మొదలుపెట్టింది. ఒక్క కాయకూ తొడిమ ఊడలేదు. అటు పక్క సాలులో ఒక ముసలామె చూసి, "ఎవురే ఈ సీర నలగని కూలామె? బిరీనే కోస్తాంది" అంటే అందరూ నవ్వారు. ఇద్దరూ పక్కపక్కనే కోస్తూ సాలు చివరిదాకా పోయారు. నేను గట్టు మీద నిలబడి తుమ్ముతూ ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒకే ఒక్కమాట అంది: "అవగాహన లేదంట రా దానికి. నేనే రాసినా."

రత్నమ్మకు మళ్లీ లేచింది. ఆ వర్షాకాలంలోనే పోయింది.

ఇక్కడ ఒక మాట అనకుండా ముందుకు పోలేను. ఏటా పొగాకు వ్యతిరేక దినమని బడిపిల్లలతో ఆదోని వీధుల్లో ర్యాలీ తీస్తారు. ఎండలో పిల్లలు అట్టలు పట్టుకుని నడుస్తారు, గుట్కా బంకుల ముందు నుంచే. అవగాహన సదస్సులు, అవగాహన రథాలు, అవగాహన వారోత్సవాలు. అయ్యా, రత్నమ్మకు అవగాహన లేకనా? ఆమెకు తెలియని విషయం ఏది ఉంది మీ సదస్సులో? తెలియనిది మీకు. ఒక మనిషి తన చావు తేదీ దాదాపుగా తెలిసి కూడా మిరప సాలులో ఎందుకు వంగుతుందో తెలియనిది మీకు. ఆ అవగాహన కల్పించడానికి ఏ రథం తిప్పాలి?

తర్వాత అక్క రెండో వ్యాసం రాసింది. మొదటి వ్యాసంలో "తిరిగి రాలేదు" అని కలిపేసిన మనుషుల ఊళ్లకు మళ్లీ ఒక్కొక్క ఇంటికీ పోయింది. కొందరు సమాధుల్లో దొరికారు, కొందరి ఇళ్లవాళ్లు దొరికారు. ఆ నెలల్లో ఎక్కడున్నారయ్యా అంటే దాదాపు అందరిదీ ఒకే జవాబు: సుగ్గిలో. అదంతా రాసి, మొదటి వ్యాసంలో కారణం తప్పు రాశానని తన పేరుతో తానే ఒప్పుకుని పంపింది. పెద్ద పత్రికలు తిప్పి పంపాయి. స్థానిక ఆసక్తి మాత్రమే ఉన్న విషయమట. పేదవాడు నిర్లక్ష్యం చేస్తే అంతర్జాతీయం, పనికి పోతే స్థానికం. చివరికి ఒక చిన్న పత్రిక వేసింది. ఎవరూ చూడలేదు. నేను దాన్ని తెలుగులో కరపత్రంగా అచ్చువేసి మార్కెట్ యార్డులో పంచాను. ఆమె ఒకటి చేతిలోకి తీసుకుని అచ్చుతప్పులు దిద్దుతూ, "బాగుందిరా. కరపత్రానికి సైటేషన్ రాదు, అదొక్కటే లోటు" అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక టీ తాగుతూ ఫోనులో తన పాత వ్యాసం తెరిచి చూడడం ఆమెకు అలవాటు. ఎత్తి రాసినవాళ్ల సంఖ్య పెరిగి ఉండేది. వేరే పరిశోధకులు చూసి మురిసిపోయే చోటు అది. ఆమె గ్లాసు కింద పెట్టి "మాయమ్మను ఇంగొకడు తిట్టినాడు చూడు" అనేది. మా పెద్దమ్మ అప్పటికి బతికే ఉంది, పక్క గదిలోనే. చెవులు వినపడేవి కావు. అది ఒకందుకు మంచిదే అయింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆదోనిలోనే కరెంటు యంత్రం పెట్టించాలని అక్క ఏళ్ల తరబడి తిరిగింది. కోసిన చోటనే, బస్సెక్కే పని లేకుండా, సుగ్గికి ముందో వెనకో నెలన్నర ఇక్కడే పెట్టించుకునేలాగ. చివరికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ పేరూ ఊరూ ఎందుకులెండి, అన్నీ ఒక్క తల్లి పిల్లలే. ఆమె వెంట నేనూ పోయాను. నోరు తెరవనని ఒట్టు వేయించుకుని తీసుకుపోయింది. అధ్యక్షస్థానంలో ఉన్నాయన చాలా మర్యాదస్తుడు. యంత్రం పెట్టినా వాడుకునేవాళ్లు ఉండాలి కదండీ అన్నాడు. ఆ ప్రాంతపు రోగులు చికిత్స మధ్యలో వదిలేస్తారని, అందుకు నిర్లక్ష్యమే కారణమని పరిశోధనలు ఘోషిస్తున్నాయి కదా అన్నాడు. కాగితం తీసి వాక్యం చదివాడు.

"ఆ పరిశోధన నాదే సార్" అంది అక్క.

ఆయన ముఖం వికసించింది. "మరింకేం మేడమ్! ఇంతకంటె నమ్మకమైన ఆధారం ఏముంటుంది?"

"అది తప్పు సార్. నేనే సెప్తాండాను తప్పని. మల్లా రాసినా, ఇదిగో."

ఆయన రెండో వ్యాసం అటూ ఇటూ తిప్పి చూశాడు. దీన్ని ఎవరైనా ఉదహరించారా అని అడిగాడు. లేదంది. "చూడండి మేడమ్, ప్రపంచమంతా ఒప్పుకున్నది ఒకటి, మీరొక్కరే ఒప్పుకుంటున్నది ఒకటి. కమిటీగా మేము దేన్ని తీసుకోవాలి?" నేను ఒట్టు తీసి గట్టు మీద పెట్టి లేచాను. అరిచాను. అక్క నా చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. యంత్రం రాలేదు.

అప్పుడిక ఆమె ఆ వాక్యం మీదనే పడింది. పాత వ్యాసం అచ్చువేసిన పత్రికకే రాసింది, నా వ్యాసం కింద దిద్దుబాటు వేయండని. వాళ్లు ఒక నియమం చెప్పారు. రాసినవాళ్లు ఇద్దరూ ఒప్పుకుంటే వేస్తామన్నారు. రెండో ఆయన ఆ పెద్ద ప్రొఫెసరు. రిటైరై నగరంలో ఉంటున్నాడు. అక్క ఆయన ఇంటికి పోయింది. వట్టి చేతులతో పోలేక ఎమ్మిగనూరు నుంచి నా చేత మంచి నేత శాలువా తెప్పించుకుని మరీ పోయింది. ఆయన ప్రేమగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడట. అంతా విని, "నా పేరు ఇంకా ఎక్కడైనా వినపడుతోందంటే ఆ పేపరు వల్లేనమ్మా. నువ్వు చిన్నదానివి, ఇంకా పది రాసుకుంటావు. నాకు అదే ఉంది. ఎందుకు కెలుకుతావు?" అన్నాడట. శాలువా మాత్రం కప్పించుకున్నాడు.

"దుర్మార్గుడు" అన్నాను నేను.

"కాదురా. ముసిలోడు. బయపడతాండాడు" అంది. "నాకు ఆయప్ప మీద కోపం రాదు. అదే నా కర్మ. నీకు తేరగా వస్తాది కోపం, నాకొక సేరు అప్పియ్యి."

ఆ తర్వాత ఆయన పోయాడు. ఒప్పుకోవాల్సిన రెండో మనిషి లేకుండా పోయాడు కాబట్టి ఇక దిద్దుబాటు కుదరదని పత్రిక తేల్చేసింది. ఆ జవాబు వచ్చిన రోజు కూడా ఆమె క్లినిక్ మూయలేదు. నందవరం దిక్కు నుంచి వచ్చిన ఒక మొగాయన నోరు తెరవనని మొండికేస్తుంటే, "తెరువు నాయనా. నేను ఏమన్నా రాసేదాన్ని గాదు, సూసేదాన్నే" అంటోంది. ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమై బయటికి వచ్చి నిలబడ్డాను.

ఇక సమాధి సంగతి. ఆమె పోయింది సుగ్గి నెలలోనే. పేటకు తీసుకుపోతే పేటే లేదు. ప్రతి తలుపుకూ తాళం, గడపల్లో ముళ్లకంప. మట్టి తవ్వడానికి నాలుగు చేతులు దొరకలేదు. చివరికి పెద్దకడుబూరు నుంచి జేసీబీ తెప్పించి గుంత తీయించాం. పాస్టరు, నేను, సరోజమ్మ, బంధువులు కొందరు, ఆదోని నుంచి వచ్చిన పేషెంట్లు కొందరు. నగరంలోని ఆస్పత్రి నుంచి ఒక కారు వచ్చింది. అందులోంచి దిగింది ఆమె తర్వాత ఆమె కుర్చీలో కూర్చున్న డాక్టరు, చిన్న వయసువాడు, మంచివాడే, నిజంగా ఏడ్చాడు.

పేటవాళ్లు గుంటూరు చేల నుంచి ఫోను చేశారు. బొమ్మ కనపడేటట్టు పెట్టమన్నారు. సరోజమ్మ ఫోను ఎత్తి పట్టుకుంది. అవతల ఎర్రటి చేలో మా వాళ్లంతా కోత ఆపి గుంపుగా నిలబడ్డారు, మూతులకు గుడ్డలతో.

పాస్టరు ప్రార్థన అయ్యాక ఆ డాక్టరు రెండు మాటలు మాట్లాడతానన్నాడు. ఆమె పేరు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉదహరిస్తున్నారో చెప్పాడు. "ఈ ప్రాంతపు రోగుల్లో అవగాహన లేమి, చికిత్స పట్ల నిర్లక్ష్యం ఎంత ప్రాణాంతకమో ప్రపంచానికి మొదట చెప్పింది మేడమ్ గారే" అన్నాడు.

"ఆపవయ్యా" అన్నాను. "అది తప్పని సచ్చేదాక మొత్తుకుంది ఆమె."

అతను బిత్తరపోయాడు. "క్షమించండి సార్. కానీ అది మేడమ్ రాసిన వాక్యమే కదా?"

జీవితమంతా జవాబులు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. పెట్టె పక్కన నిలబడ్డ నా భుజం మీద పాస్టరు చెయ్యి వేశాడు.

ఫోనులోంచి ఒక ఆడగొంతు: "ఏమంటాండాడప్పా ఆయప్ప? మాకు ఈడ గాలికి ఇనపడలే."

సరోజమ్మ ఫోను ఇంకాస్త పైకి ఎత్తింది.

"పోనీలే. అన్నా, మా పేరు మీద తలా ఇంత మన్నెయ్యన్నా. సుంకమ్మది, యేసోబుది, నాగమ్మది, శాంతమ్మది..." ఆమె పేర్లు చెబుతూ పోయింది. నేను ఒక్కొక్క పేరుకూ పిడికెడు ఎర్రమట్టి తీసి పెట్టె మీద వేస్తూ పోయాను. తలెత్తి ఫోను వైపు చూస్తే, అక్కడ వాళ్లు కూడా వంగారు. ఎవరి పేరు పలికితే వాళ్లు కాళ్ల కింది నల్లమట్టి పిడికెడు తీసి, తాము నిలబడ్డ చోటనే, మిరప సాలులోనే వేస్తున్నారు. వెనక నుంచి మేస్త్రి కేక వినపడింది. ఒకరి తర్వాత ఒకరు చేతులు కొంగులకు తుడుచుకుని, గుడ్డలు మూతుల మీదికి లాక్కుని, తర్వాతి సాలులోకి వంగారు.